తెల్ల అట్ట రోజులు

జూలై 12, శనివారం

మళ్ళీ ఒకటిన్నర.

రక్తపరీక్ష నంబరు రెండున్నర దాటాలి, మూడున్నర మించకూడదు. నాన్న గుండెలో లోహపు వాల్వు పెట్టినప్పటి నుంచి మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చిన లెక్క ఇది. నంబరు తగ్గితే రక్తం చిక్కబడి వాల్వు మీద గడ్డ కడుతుంది. గడ్డ కదిలి తలకు పోతే పక్షవాతం. అందుకే రోజూ సాయంత్రం ఆ చిన్న తెల్ల మాత్ర. అందుకే రెండు వారాలకోసారి ఉప్పల్, రక్తపరీక్ష, డాక్టర్ అచ్యుతరావు గారి గది.

ఆయన రిపోర్టు చూసి కళ్ళద్దాలు తీశారు.

"మాత్ర రోజూ వేసుకుంటున్నారా?"

అడిగింది నాన్నను, చూసింది నన్ను. నాన్న కూడా నన్నే చూశాడు.

"నేనే ఇస్తాను సార్," అన్నాను.

"మరి ఎందుకు పెరగట్లేదు?"

నాకెలా తెలుస్తుంది? నేను స్కూలు లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు వేసేదాన్ని.

రెండు మిల్లీగ్రాముల మాత్ర మూడు చేశారు. ఆకుకూరలు తగ్గించమన్నారు. "నాన్నగారు ఏం చేస్తారు?" అన్నారు రాస్తూనే. "కంపెనీలో సార్," అన్నాను. ఏ కంపెనీ అని అడగలేదు. నాచారంలో అందరూ కంపెనీలోనే.

ఆపరేషన్ తర్వాత ఇంట్లో ఉన్న నెలల్లో రెండుతోనే సరిపోయింది కదా, ఇప్పుడెందుకు చాలట్లేదు అని అడగాలనుకున్నాను. పొద్దున స్నానాల గదిలో రెండుసార్లు పలికి చూసుకున్నాను కూడా. షేర్ ఆటోలో హబ్సిగూడ దాటాక గానీ ఆ ప్రశ్న నా నోట్లోకి రాలేదు. అప్పుడు నా పక్కన ఉన్నది ఒక కూరగాయల సంచి.

జూలై 15

పుంటికూర బంద్ అని చెప్పాను. అమ్మ చేస్తున్న పని ఆపి నన్ను చూసింది.

"పుంటికూర లేకుంటే మీ నాయ్న అన్నమెట్ల తింటడే?"

"డాక్టర్ చెప్పారు."

"మీ సారుకు గుండె ఎర్క, నాలిక ఎర్క లేదు."

నాన్న అమ్మను చూసి నవ్వాడు. "ఊకో దానమ్మా. ఎస్తేరు చెప్పిందంటే కోర్టు చెప్పినట్టు."

ఇద్దరూ నన్ను ఆట పట్టిస్తారు. రిపోర్టు వచ్చినప్పుడు భయపడేది నేనొక్కదాన్నే.

నాన్నది రెండో షిఫ్టు. మాత్రను కాగితంలో మడిచి టిఫిన్ డబ్బా మూత కింద పెడతాను. ఏడింటికి తినేముందు వేసుకుంటాడు. డబ్బా తిరిగి వచ్చినప్పుడు కాగితం విప్పి చూస్తాను. ఖాళీగా ఉంటుంది. ఆదివారం ఇంట్లో నా ముందే వేసుకుంటాడు, నోరు తెరిచి నాలుక కూడా చూపిస్తాడు, చిన్నపిల్లాడిలా. ఇంతకన్నా ఎవరైనా ఏం చేయగలరు?

జూలై 19

తోటకూర కూడా.

జూలై 26

ఒకటీ పాయింట్ నాలుగు. పెంచితే తగ్గింది!

డాక్టర్ గారికి చిరాకు వచ్చింది. కానీ నా మీద కాదు.

"చూడమ్మా. మాత్ర వేసుకోని వాళ్ళకు నేను డోసు పెంచను, తిట్టి పంపిస్తాను. వేసుకుంటున్నా రావట్లేదంటే పెంచడం తప్ప దారి లేదు. నువ్వు చదువుకున్న అమ్మాయివి, నువ్వే ఇస్తున్నానంటున్నావు కాబట్టి నమ్ముతున్నాను."

మూడు నాలుగైంది. ఇలాగే ఉంటే పొట్టలో ఇంజెక్షన్లు మొదలుపెట్టాలన్నారు.

ఆయన నమ్ముతున్నానన్నప్పుడు నాకు సంతోషం కలిగింది. ఇలాంటి రోజున ఏం సంతోషం? అయినా కలిగింది. చిన్నప్పుడు స్కూల్లో సిస్టర్ నా కాపీ పుస్తకం ఎత్తి క్లాసంతటికీ చూపించినప్పటి సంతోషం లాంటిది.

ఆటో దిగేటప్పుడు నాన్న, "నాలుగంటే మస్తు ఎక్కువ గాదా బిడ్డా?" అన్నాడు.

"డాక్టర్ కంటే నీకెక్కువ తెలుసా డాడీ?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

జూలై 27, ఆదివారం

చర్చిలో మౌన ప్రార్థనప్పుడు నాన్న వాల్వు చప్పుడు వినిపించింది. టిక్, టిక్. ముందు వరుసలో ఒక పాప కళ్ళు తెరిచి వెనక్కి తిరిగి గడియారం కోసం వెతికింది. నాన్న తన ఛాతీ మీద తట్టి చూపించాడు. పాప నవ్వింది. నేను ఆ చప్పుడు వింటూనే ఉన్నాను. ఆగకుండా ఉంటే చాలు అనుకున్నాను. ప్రార్థన అంటే అదే కావచ్చు.

ఆగస్టు 9

ఒకటీ పాయింట్ ఆరు. నాలుగే కొనసాగించమన్నారు, కానీ వేరే కంపెనీ మాత్ర. ఇవి నకిలీవేమో అని ఆయనకు అనుమానం. బిల్లులు చూపించమన్నారు.

పాలకూర, తోటకూర, పుంటికూర, మునగాకు, కొత్తిమీర. ఇంట్లో ఆకుపచ్చగా మిగిలింది గోడ ఒక్కటే.

ఆగస్టు 12

నిన్నటి వానకు కంపెనీ గోడౌన్‌లోకి నీళ్ళొచ్చాయి. అట్టలన్నీ తడిసి ముద్దయ్యాయట. నాన్న పనిచేసేది అట్టపెట్టెలు తయారుచేసే కంపెనీ. అంతా ఆరి కొత్త సరుకు వచ్చేదాకా మూసేశారు.

ఒక విధంగా మంచిదే. ఇంట్లో ఉంటాడు. ఏడింటికి నా కళ్ళముందే మాత్ర.

ఆగస్టు 16

ఒక్క పూట కూడా తప్పలేదు. ఇవాళ నేను స్కూలు నుంచి ఆలస్యంగా వస్తే, తనే మాత్ర చేతిలో పెట్టుకుని నాకోసం కూర్చున్నాడు. "సూస్తవని ఆగిన," అన్నాడు. ఎందుకో ఈ నాలుగు రోజులుగా చాలా బుద్ధిగా ఉంటున్నాడు.

ఆగస్టు 19

పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం. మోచేతి మీద నల్లటి మచ్చ, తలుపు తగిలిందట. మాత్ర పని మొదలుపెట్టిందన్నమాట. శనివారం నంబరు బాగుంటుంది. అమ్మతో కూడా అదే చెప్పాను.

ఆగస్టు 22

పొద్దున నాన్న ముక్కు నుంచి రక్తం మొదలైంది. ఆగలేదు. అమ్మ తువ్వాలు, తర్వాత నా చున్నీ, తర్వాత ఇంకో తువ్వాలు. ఆటో అతను చూసి మీటరు మాట ఎత్తకుండా ఉప్పల్ దాకా హారన్ మీద చెయ్యి తీయలేదు.

నంబరు ఏడు దాటింది.

మాత్ర ఆపేశారు. విరుగుడు మందిచ్చారు. ముక్కులో గుడ్డ కుక్కారు. తలలో ఇలా కారి ఉంటే ఏమయ్యేదో డాక్టర్ గారు చెప్పారు. నేను రాయను.

"కొత్తగా ఏమైనా మందులు వాడారా? నొప్పి గోళీలు? నాటు మందులు? తాగుతారా?" అన్నీ నన్నే అడిగారు. అన్నిటికీ లేదు, లేదు, లేదు. "మరి నాలుగు వారాలుగా కదలని నంబరు ఒక్కసారి ఏడెలా అవుతుంది? కాలేయం చూడాలి," అన్నారు.

మధ్యాహ్నం దుర్గేష్ అన్న వచ్చాడు. నాన్నతో ఒకే మిషను మీద చేస్తాడు, చెంగిచెర్లలో ఉంటాడు. నేను మంచం వెనక మందుల సంచి సర్దుతున్నాను. కనబడలేదనుకుంటాను.

"ఏంది మామా, గోళీలు గిట్ల మింగినవా? మొత్తం నాలుగువి?"

నాన్న కళ్ళతో ఏదో సైగ చేసినట్టున్నాడు. దుర్గేష్ అన్న తిరిగి నన్ను చూశాడు. ముఖం మాడిపోయింది.

"ఏం లే చెల్లె, ఉత్తగనే అన్న."

నేను అతని వెంట వరండాలోకి వెళ్ళాను. నేను ఎవరి వెంటా వెళ్ళే మనిషిని కాను. వెళ్ళాను.

ముందు చెప్పనన్నాడు. తర్వాత అంతా చెప్పాడు. నాన్న పని అట్టలు కోసే కత్తి మిషను మీద. అట్ట అంచు కూడా కత్తిలాగే ఉంటుందట, చేతులు రోజూ ఏదో ఒకచోట తెగుతాయట. అందరికీ తెగుతాయి, అందరివీ ఆగుతాయి. నాన్నది ఆగదు.

"ఖాకీ అట్ట అయితే ఎవడు సూస్తడు చెల్లె? తెల్ల అట్ట మందుల కంపెనీలది. గోళీల డబ్బాలు. ఒక్క సుక్క పడ్డా కట్ట మొత్తం వాపస్. మే నెలల మామ మళ్ళ డ్యూటీకి ఎక్కిన వారంల రెండు కట్టలు వాపస్ వచ్చినయ్. మా సూపర్‌వైజర్ కామరాజు సారు అందరి ముంగట, 'సామ్యేలూ, నువ్వు పెట్టెలు కోస్తున్నవా, కోళ్ళు కోస్తున్నవా' అన్నడు. ఇంకోపారి అయితే మిషను మీదికెళ్ళి తీసేస్తనన్నడు. గప్పటి సంది తెల్ల అట్ట ఉన్న రోజు మామ గోళీ ఏసుకోడు."

"మాత్ర ఏం చేస్తాడు?"

"మోరీల ఏస్తడు. మురికి నీళ్ళల్ల కొట్కపోతది."

"తెల్ల అట్ట ఎప్పుడుంటుంది?"

"ఇప్పుడంత అదే ఉంటది చెల్లె. ఖాకీ ఏడున్నది?"

ఆగస్టు 23

మాట్లాడాను. నిజానికి మాట్లాడింది నాన్నే.

"సారుకు చెప్పకు బిడ్డా. చెప్తే కత్తి కాడ పెట్టొద్దని రాస్తడు. నన్ను లేయి డిపార్ట్‌మెంట్ల కూసోబెడ్తరు, ఆడోళ్ళ నడుమ, సారలమ్మ పక్కన."

"కూర్చుంటే ఏమైంది?"

"ఇర్వై ఏండ్లు కత్తి మీద నిలబడ్డ. నా చేతి కింద నేర్చుకున్నోడు మిషను నడుపుతుంటే నేను లేయి పూసి డబ్బాలు అతికియ్యాల్నా?"

"మరి గడ్డ కడితే?"

"కట్టలేగద."

"ఇప్పుడు రక్తం కారింది కదా!"

"సెలవు దొరికింది, ఇన్ని రోజులది కలిసొస్తదని మంచిగ ఏసుకున్న. నువ్వు గూడ ఖుషయితివి." దుప్పటి ఛాతీ దాకా లాక్కుని, "నాలుగని నేను రాసిన్నా?" అన్నాడు.

నాలుగు ఆయన రాయలేదు. డాక్టర్ రాశారు. డాక్టర్ ఎందుకు రాశారు?

దీనికి జవాబు నాకు తెలుసు. ఇవాళ రాయబుద్ధి కావడం లేదు.

ఆగస్టు 24, ఆదివారం

చెప్పలేదు.

కాలేయం స్కాన్ చేశారు. బాగానే ఉంది. రేపు ఇంకేవో పరీక్షలు. గొట్టం వేసి కడుపులో చూస్తారట. లేని జబ్బు కోసం నాన్న ఒళ్ళంతా వెతుకుతున్నారు. నేను సంతకాలు పెడుతున్నాను.

అమ్మకు చెప్పాను. అమ్మ ఆశ్చర్యపోలేదు.

"నాకెర్కనే."

"ఎప్పటి నుంచి?"

"అంగీల మీద నెత్తురు మరకలు బందయిన సంది. ఉతికేదాన్ని నాకెర్క ఉండదా?"

"మరి నాకెందుకు చెప్పలేదు మమ్మీ?"

"నువ్వు అడిగినవా? డబ్బా మూత కింద సూస్తివి, ఖాళీ ఉన్నదని సంబరపడ్తివి. నీ సంబరం నేనెందుకు చెడగొట్టాలె? ఆయన పని గూడ ఉండాలె గదా."

నాకు అరవాలనిపించింది. ఆకుకూర లేదని గొడవ పెట్టుకున్నది ఈ అమ్మే. ఒక్క మాట. ఒక్క మాట అంటే సరిపోయేది. మా ఇంట్లో అందరికీ అన్నీ తెలుసు, నాకూ డాక్టర్‌కూ తప్ప. కానీ అమ్మ అన్నది నిజం. ఆయన వేసుకున్నాడా అని నేను ఎవరినీ అడగలేదు. కాగితాన్ని అడిగాను.

ఆగస్టు 25

చెప్పాను.

పొద్దున రౌండ్లు అయ్యాక డాక్టర్ గారి గదికి వెళ్ళాను. బయట చాలామంది ఉన్నారు. ఆయన ఫోన్‌లో ఉన్నారు. కూర్చోమని చెయ్యి చూపించారు. నిలబడే ఉన్నాను, కూర్చుంటే చెప్పలేనని.

"రేపటి నుంచి మళ్ళీ మాత్ర మొదలుపెడదాం. నాలుగు కాదు, రెండు కూడా వద్దు, ఒకటితో చూద్దాం. ఈయన ఒంటికి ఎప్పుడేం పడుతుందో..."

"సార్, వేసుకోలేదు."

"ఏది?"

"మాత్ర. పని ఉన్న రోజుల్లో వేసుకోలేదు. తెల్ల అట్ట ఉన్న రోజుల్లో. అట్ట కోసేటప్పుడు చెయ్యి తెగితే రక్తం ఆగదని. ఇంట్లో ఉన్నప్పుడే వేసుకున్నాడు. కంపెనీ మూసిన పది రోజులు మొత్తం వేసుకున్నాడు."

ఆయన పాత కాగితాలు వెనక్కి తిప్పారు.

"నువ్వు నాకేం చెప్పావు?"

"నేనే ఇస్తున్నానని చెప్పాను సార్."

"నేను అడిగింది అదా?"

కాదు.

"మీ నాన్నకు కాదమ్మా నేను వైద్యం చేసింది. నీ మాటకు చేశాను." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "రెండు చాలకపోవడం కాదు, రెండు కడుపులోకే పోలేదు. మూడూ పోలేదు. కడుపులోకి పోని మాత్రను నేను పెంచుకుంటూ వచ్చాను. నాలుగు ఒక్కసారిగా పోయింది."

తలదించుకున్నాను. కానీ లోపల కోపం వచ్చింది. ప్రతిసారీ ఆయన నన్నే చూసి అడిగారు. మనిషి ఎదురుగానే కూర్చుని ఉన్నాడు కదా.

ఆ కోపం ఆయనకు ఎలా తెలిసిందో, లేచి నాతోపాటు వార్డుకు వచ్చారు. నాన్న మంచం పక్కన స్టూల్ లాక్కుని కూర్చున్నారు.

"సామ్యేలు గారూ, ఏం పని మీది?"

నాన్న ముందు నన్ను చూశాడు. ఆ చూపు నాకు చాలాకాలం ఉంటుంది.

"కటింగ్ సార్. కత్తి మిషను."

"ఎనిమిది నెలలుగా నా దగ్గరికి వస్తున్నారు. ఈ మాట చెప్పాలా వద్దా?"

"మీరు అడగలే సార్."

డాక్టర్ గారు స్టూల్ కొంచెం ముందుకు జరుపుకుని, "రెండు వేసుకున్నప్పుడు తెగితే ఎంతసేపటికి ఆగేది?" అన్నారు.

"గుడ్డ చుట్టి ఒత్తి పడ్తే ఆగేది. ఆగకపోవుడు ఏం లేదు సార్. గా లోపల్నే అట్ట మీద పడ్తది. నాకు నొప్పి గాదు, అట్ట ఫికర్."

కడుపు పరీక్ష రద్దు చేశారు. మళ్ళీ రెండుతోనే మొదలు. కత్తి మిషను దగ్గర పెట్టవద్దని కంపెనీకి ఉత్తరం రాశారు. నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆగస్టు 30

నాన్న నాతో మాట్లాడటం లేదు.

సెప్టెంబర్ 3

డ్యూటీకి వెళ్ళాడు. లేయి డిపార్ట్‌మెంట్. సాయంత్రం దుర్గేష్ అన్న ఫోన్ చేసి అమ్మకు చెప్పాడట. సారలమ్మ, "రా సామ్యేలన్నా, కత్తులు మాకియ్యి, గాజులు నువ్వు తొడుక్కో" అంటే అందరూ నవ్వారట. నాన్న కూడా నవ్వాడట.

ఇంటికొచ్చి నవ్వలేదు.

సెప్టెంబర్ 6

రెండూ పాయింట్ ఎనిమిది. రెండు మిల్లీగ్రాములతో. ఎవరూ సంతోషించలేదు.

సెప్టెంబర్ 11

డబ్బా మూత కింద మాత్ర పెట్టబోతే నాన్న చెయ్యి చాపాడు. "నా గోళీలు నాకియ్యి." మాత్రల పట్టీ మొత్తం తీసుకుని జేబులో వేసుకున్నాడు.

ఇచ్చేశాను. ఇవ్వకపోతే ఏం చేస్తాను? ఇస్తే ఏం చేసుకుంటాడు? లైబ్రరీలో ఒకే పుస్తకానికి రెండుసార్లు నంబరు వేశాను.

సెప్టెంబర్ 13

మూడు.

సెప్టెంబర్ 20, శనివారం

ఒకటీ పాయింట్ ఎనిమిది.

రిపోర్టు చేతిలోకి తీసుకుని నంబరు రెండుసార్లు చదివాను. లేయి పూసే దగ్గర కత్తి లేదు, తెగేది లేదు. పట్టీలో మాత్రలు తగ్గుతూనే ఉన్నాయి, నిన్న చొక్కా ఉతకడానికి వేస్తూ చూశాను. నిజంగానే వేసుకుంటున్నాడని నమ్మాను. అయితే నిజంగానే రెండు చాలడం లేదు. మళ్ళీ మూడు, మళ్ళీ నాలుగు.

డాక్టర్ గారు రిపోర్టు చూశారు. ఈమధ్య ఆయన నన్ను చూసి అడగరు.

"ఏమైంది సామ్యేలు గారూ? రెండు సరిపోవట్లేదా? కొంచెం పెంచుదామా?"

రోజూ వేసుకుంటున్నాడు సార్ అని చెప్పడానికి నా నోరు తెరుచుకుంది. నన్ను అడగలేదు. అయినా తెరుచుకుంది. నాన్నను వెనకేసుకు రావాలని మాత్రమే. అది నిజమనే అనుకున్నాను.

"పెంచొద్దు సార్," అన్నాడు నాన్న.

"ఎందుకు?"

నాన్న మెడ గోక్కున్నాడు. కిటికీ చూశాడు. నన్ను చూడలేదు.

"మొన్న గురువారం ఏసుకోలే. నిన్న గూడ ఏసుకోలే. మోరీల ఏసిన. కత్తి మీద మనిషి రాలే సార్. తెల్ల అట్ట అర్జెంట్ ఉండె. కామరాజు సారు వచ్చి, 'సామ్యేలూ, నువ్వే దిక్కు' అన్నడు. నిలబడ్డ."

డాక్టర్ గారు తిట్టారు. చాలాసేపు తిట్టారు. నర్సు తలుపు తీసి చూసి మళ్ళీ వేసింది. వాల్వు ఏమిటో, గడ్డ ఏమిటో, మనిషికి బుద్ధి ఎక్కడుంటుందో, ఉత్తరం రాసింది ఎందుకో. కామరాజు నంబరు తీసుకుని ఫోన్ చేస్తానన్నారు. నాన్న చేతులు కట్టుకుని అన్నీ విన్నాడు. నాకు కూడా తిట్టాలనే ఉంది. రెండు రోజులు! అంత జరిగాక, మళ్ళీ మోరీలో! ఒక్క "నువ్వే దిక్కు"కే!

తిట్టడం అయిపోయాక ఆయన చీటీ ముందుకు లాక్కున్నారు.

"గురువారం, శుక్రవారం. అంతేనా? దాచకండి."

"గంతే సార్. మిగతాయి ఏసుకున్న. ఒట్టు."

"ఒట్టు అక్కర్లేదు. ఇవాళ సాయంత్రం నుంచి ఆపకుండా వేసుకోండి. వచ్చే శనివారం మళ్ళీ చూస్తాను."

చీటీ నా చేతికి ఇవ్వలేదు, నాన్నకిచ్చారు. మందుల షాపు దగ్గర నాన్న దాన్ని కౌంటరు మీద పెట్టినప్పుడు చూశాను. రెండు మిల్లీగ్రాములు. పెంచలేదు.